సూపర్‌హీరో యాక్షన్ గేమ్స్‌లో ఏది ఎవరికి? ఆర్కమ్, స్పైడర్‌మ్యాన్, గార్డియన్స్, ఇంకొన్ని

సూపర్‌హీరో గేమ్ కొనేవాళ్లలో ఎక్కువమంది ముందు హీరోని ఎంచుకుంటారు, ఆ తర్వాతే గేమ్‌ని. బ్యాట్‌మన్ ఇష్టమైతే ఆర్కమ్, స్పైడర్‌మ్యాన్ ఇష్టమైతే ఇన్‌సోమ్నియాక్ స్టూడియో వాళ్ల గేమ్. మొదటి రెండు గంటలూ ఈ లెక్క బాగానే నడుస్తుంది. ఆ తర్వాత తెరమీద ఎవరున్నారన్నది మరుగునపడి, చేతులు ఏం చేస్తున్నాయన్నదే మిగులుతుంది. ఊగుతూ తిరగడం మీద మోజు లేనివాళ్లకి స్పైడర్‌మ్యాన్‌లో సగం ఆట వృథా. పైన దాక్కుని అదను కోసం కాచుకునే ఓపిక లేనివాళ్లకి ఆర్కమ్‌లో పెద్ద భాగం శిక్షలా ఉంటుంది. కాబట్టి ఇక్కడ పోలిక హీరోల మధ్య పెట్టలేదు. మీరు గంటల తరబడి మళ్లీ మళ్లీ చేయాల్సిన పనుల మధ్య పెట్టాం.

దాదాపు ఇవన్నీ ఒంటరిగా, కథ కోసం ఆడుకునే యాక్షన్ గేమ్సే. ఫైటింగ్ గేమ్ అయిన ఇన్‌జస్టిస్ 2, కార్డులతో వంతులవారీగా సాగే మిడ్‌నైట్ సన్స్, ఆరుగురితో ఆరుగురు ఆన్‌లైన్‌లో తలపడే మార్వెల్ రైవల్స్ వేరే కోవకి చెందినవి. వాటిని ఈ లెక్కలో కలపలేదు.

## కొనేముందు చూడాల్సినవి

తిరుగుడు. ఓపెన్ వరల్డ్‌లో (నగరమంతా ఇష్టంవచ్చినట్టు తిరగగలిగే ఆటలో) ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి వెళ్లడానికే బోలెడు సమయం పోతుంది. ఆ ప్రయాణమే సరదాగా ఉంటే ఫాస్ట్ ట్రావెల్ (ఒక్క నొక్కుతో దూరాన్ని దాటేయడం) ఉందన్న సంగతి కూడా గుర్తుండదు. బాగోలేకపోతే మ్యాప్ ఎంత పెద్దదైతే అంత విసుగు.

పోరు. ఇందులో మూడు రకాలున్నాయి. సరైన క్షణంలో బటన్ నొక్కడమే ప్రాణంగా నడిచేది ఒకటి (ఆర్కమ్). ఎప్పుడూ కదులుతూ, గాల్లో ఉంటూ, చేతిలో ఉన్న పరికరాలన్నీ వాడుతూ సాగేది రెండోది (స్పైడర్‌మ్యాన్, సెకండ్ సన్). మీరు ఒక్కరినే నడుపుతూ మిగతావాళ్లకి ఆజ్ఞలిచ్చేది మూడోది (గార్డియన్స్). మీది ఏ రకమో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఏ గేమ్‌లోనైనా ఓడిపోయినప్పుడు "టైమింగ్ తప్పింది" అనుకుంటారా, "ఇంకో ఆయుధం వాడాల్సింది" అనుకుంటారా? మొదటి రకం వాళ్లకి ఆర్కమ్, రెండో రకం వాళ్లకి స్పైడర్‌మ్యాన్.

దొంగచాటు దెబ్బ. స్టెల్త్ చాలా గేముల్లోనే ఉంటుంది. నిజంగా ఆలోచన పెట్టాల్సి వచ్చేది మాత్రం ఆర్కమ్‌లోనే.

మ్యాప్ మీద చుక్కలు. ట్రోఫీలు, బ్యాగులు, టవర్లు, వీధి నేరాలు. వీటిని పూర్తిచేస్తేగానీ నిద్రపట్టని వాళ్లు, అసలు ముట్టుకోని వాళ్లు ఒకే గేమ్ ఆడి రెండు వేర్వేరు అభిప్రాయాలు చెబుతారు. రివ్యూ చదివేటప్పుడు రాసినవాళ్లు ఏ తరహావాళ్లో చూసుకోండి.

మెషీన్. సెకనుకి 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లు తెరమీద ఉంటుంది, 60 అయితే 17. కౌంటర్ కొట్టే పోరులో ఆ తేడా వేళ్లకి తెలిసిపోతుంది. రెండు మోడ్‌లు ఇచ్చిన గేమ్‌లో ఎక్కువ ఫ్రేములిచ్చేదే పెట్టుకోండి. నీటిగుంటల్లో ప్రతిబింబాలు ఫోటో మోడ్‌లో ఎలాగూ చూసుకోవచ్చు.

| గేమ్ | ఏడాది | దేనిమీద | ప్రధాన కథ (సుమారు గంటలు) | పెద్ద బలం | పెద్ద లోపం |
|---|---|---|---|---|---|
| ఆర్కమ్ అసైలమ్ | 2009 | పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ | 11–12 | బిగువు, వాతావరణం | బాస్ ఫైట్లు |
| ఆర్కమ్ సిటీ | 2011 | పైవే | 12–14 | పోరు, స్టెల్త్ సమతూకం | రిడ్లర్ ట్రోఫీల వరద |
| ఆర్కమ్ నైట్ | 2015 | పైవే | 16–18 | స్టెల్త్, దృశ్యాలు | బ్యాట్‌మొబైల్ ట్యాంకు యుద్ధాలు |
| స్పైడర్‌మ్యాన్ | 2018 | పీఎస్4, పీఎస్5, పీసీ | 16–18 | ఊగడం, కథ | మూసపోసిన సైడ్ పనులు |
| మైల్స్ మొరాలెస్ | 2020 | పీఎస్4, పీఎస్5, పీసీ | 7–9 | కుదురైన నిడివి | విలన్ల బలహీనత |
| స్పైడర్‌మ్యాన్ 2 | 2023 | పీఎస్5, పీసీ | 16–18 | వేగం, బాస్ ఫైట్లు | రెండో సగంలో కథ హడావిడి |
| గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ | 2021 | పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ | 16–18 | మాటలు, పాత్రలు | గజిబిజి పోరు |
| ఇన్‌ఫేమస్ సెకండ్ సన్ | 2014 | పీఎస్4 (పీఎస్5లోనూ నడుస్తుంది) | 9–11 | శక్తుల వైవిధ్యం | ఒకేలాంటి మిషన్లు |
| లెగో మార్వెల్ సూపర్ హీరోస్ | 2013 | దాదాపు అన్నిటిమీదా | 10–12 | ఇద్దరు కలిసి ఆడడం | ఎగిరే కంట్రోల్ |

## ఆర్కమ్ గేమ్స్

రాక్‌స్టెడీ స్టూడియో వాళ్లు 2009లో పెట్టిన ఈ పోరు పద్ధతిని ఆ తర్వాత చాలా గేములు తీసుకున్నాయి. చూడ్డానికి నాలుగు బటన్లే. ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో స్క్వేర్ కొడుతుంది, ట్రయాంగిల్ ఎదుటివాడి దెబ్బని తిప్పికొడుతుంది, సర్కిల్ కేప్ విసిరి వాణ్ని తికమకపెడుతుంది, క్రాస్ రెండుసార్లు నొక్కితే బ్యాట్‌మన్ పల్టీ కొడతాడు. కొత్తగా ఆడేవాళ్లు చేసే పొరపాటు స్క్వేర్‌ని టపటపా నొక్కేయడం. అలా నొక్కితే ఒక దెబ్బ పూర్తవకముందే రెండోది మొదలవుతుంది. అందుబాటులో ఎవరూ లేకపోతే పిడికిలి గాల్లో తేలిపోయి కాంబో (వరసగా తగిలిన దెబ్బల లెక్క) తెగిపోతుంది. ఒక్కో దెబ్బకి ఒక్కసారే, అది తగిలిన క్షణంలోనే మళ్లీ నొక్కండి. క్రిటికల్ స్ట్రైక్ అప్‌గ్రేడ్ తీసుకుంటే ఆ టైమింగ్‌కి కాంబో రెట్టింపు పెరుగుతుంది. కాంబో 8కి చేరితే ప్రత్యేక టేక్‌డౌన్ (ఒకణ్ని ఒక్క ఎత్తుతో పడగొట్టేయడం) అందుబాటులోకి వస్తుంది, అప్‌గ్రేడ్‌తో ఆ హద్దు 5కి దిగుతుంది. అప్‌గ్రేడ్లన్నిటిలో ముందు ఈ రెండూ కొనుక్కోండి.

గుంపులో ఒక్కొక్కడికీ ఒక్కో మందు. షీల్డ్ పట్టుకున్నవాడి మీద స్క్వేర్ పనిచేయదు. ముందు సర్కిల్‌తో కేప్ విసిరి, వాడి వైపే క్రాస్ రెండుసార్లు నొక్కి పైకి లేచి, అక్కణ్నించి కొట్టాలి. కరెంటు లాఠీ ఉన్నవాణ్ని ఎదురుగా కొడితే షాక్ మీకే. తలమీదుగా దూకి వెనకనుంచి కొట్టండి. కవచం తొడుక్కున్న బండ మనిషికి కేప్ దెబ్బ, ఆ వెంటనే ఆగకుండా స్క్వేర్. (టపటపా నొక్కాల్సిన ఒకే ఒక్క సందర్భం ఇదే.) వీళ్లంతా ఒకేసారి మీదపడ్డప్పుడు ఏ బటన్ ఎప్పుడన్నది మెదడుకి కాక వేళ్లకే తెలియాలి. అది పట్టుబడ్డ రోజు ఈ పోరుకి సాటి లేదనిపిస్తుంది. పట్టుబడకపోతే "ఎప్పుడూ ట్రయాంగిల్ నొక్కడమేగా" అనిపిస్తుంది. సిటీ, నైట్ పూర్తిచేశాక మళ్లీ మొదటినుంచి ఆడే న్యూ గేమ్ ప్లస్‌లో తలలమీద కనిపించే కౌంటర్ గుర్తులు మాయమవుతాయి, అసలు పరీక్ష అక్కడ.

ప్రెడేటర్ గదులే ఈ వరుసకి అసలైన బలం. తుపాకులున్న ఏడెనిమిది మంది, పైన రాతి గార్గాయిల్ బొమ్మలు, కింద గ్రిల్ మూతల సొరంగాలు. ఒక్కొక్కణ్నీ మాయం చేసే కొద్దీ మిగతావాళ్ల గొంతులో భయం, నడకలో తొందర కనిపిస్తాయి. సిటీ, నైట్ గేములకొచ్చేసరికి వాళ్లూ తెలివిమీరారు. థర్మల్ కళ్లద్దాలు పెట్టుకుని గార్గాయిల్స్ వైపు చూస్తారు, డిటెక్టివ్ మోడ్‌ని (శత్రువులు ఎక్కడున్నారో చూపే బ్యాట్‌మన్ ప్రత్యేక చూపుని) జామ్ చేస్తారు. నైట్‌లో అయితే పడిపోయినవాణ్ని లేపే వైద్యుడు, డిటెక్టివ్ మోడ్ వాడుతుంటే మీ జాడ పట్టేసేవాడు కూడా ఉంటారు. ముందు ఆ వైద్యుణ్నే తీసేయాలి. మరో సలహా, డిటెక్టివ్ మోడ్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టి ఆడకండి. గోడల అవతల మనుషులు కనిపిస్తారు నిజమే, కానీ ఆట మొత్తం నీలిరంగు ఎక్స్‌రే ఫిల్ములా మిగిలిపోతుంది.

మూడింటిలో ఏది? అసైలమ్ మ్యాప్ చిన్నది, ఒక్క దీవి. కొత్త పరికరం దొరికే కొద్దీ పాత తలుపులు తెరుచుకుంటాయి, కథ ఎక్కడా జారదు. బాస్ ఫైట్లు (పెద్ద విలన్లతో పోరాటాలు) మాత్రం ఒకే రాక్షసాకారాన్ని తిప్పితిప్పి వాడినట్టుంటాయి, చివరిది మరీ పేలవం. సిటీలో ఆ లోటు తీరింది. మిస్టర్ ఫ్రీజ్‌తో పోరు ఈ జానర్‌లోనే మెరుగైనవాటిలో ఒకటి: ఒకసారి వాడిన ఎత్తు రెండోసారి పారదు. గ్రిల్ కిందనుంచి కొట్టారా, అతను గ్రిల్స్‌ని గడ్డకట్టిస్తాడు. గార్గాయిల్ మీదనుంచి దూకారా, ఆ దారీ మూసేస్తాడు. అప్పటిదాకా నేర్చుకున్నదంతా బయటికి తీయాల్సిందే.

నైట్‌లో ఎగరడం అద్భుతం, వానలో తడిసిన నగరం ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. బ్యాట్‌మొబైల్ దగ్గరే చిక్కు. కారు నడపడం కాదు, అది ట్యాంకుగా మారి డ్రోన్లతో కాల్పులు జరపడం. ప్రధాన కథలో వీటిని తప్పించుకునే దారి లేదు. వెనకనుంచి దాక్కుని వెళ్లి పేల్చాల్సిన కోబ్రా ట్యాంకుల ఘట్టాలు ఓపికని బాగా పరీక్షిస్తాయి. పైగా పూర్తి ముగింపు చూడాలంటే పొడుపుకథల విలన్ రిడ్లర్ పెట్టిన 243 సవాళ్లూ తేల్చాలి. అసైలమ్‌లో అవి 240, సిటీలో క్యాట్‌ఉమన్ వాటాతో కలిపి 440. అసైలమ్‌లో, సిటీలో కథ ముగింపు వీటిమీద ఆధారపడదు, కాబట్టి హాయిగా వదిలేయొచ్చు. నైట్‌లో కూడా 243 కోసం తపస్సు చేసేకంటే ఆ చివరి దృశ్యం వీడియో చూసుకోవడం మేలని మా అభిప్రాయం. మొదటిసారి ఆడేవాళ్లు సిటీతో మొదలుపెట్టినా కథ అర్థమవుతుంది, అసైలమ్ నుంచి వరసగా వెళ్తే మాత్రం ఇంకా బాగుంటుంది. నైట్‌తో మాత్రం మొదలుపెట్టొద్దు. పాత కథ తెలుసనే ధీమాతో రాసిన గేమ్ అది.

పీసీలో సిటీ కుదుపులిస్తుంటే డైరెక్ట్‌ఎక్స్ 11 ఆప్షన్లు ఆపేసి చూడండి, చాలా మెషీన్లలో అంతటితో సర్దుకుంటుంది. నైట్ పీసీ వెర్షన్ 2015 జూన్‌లో విడుదలైన ఒకటి రెండు రోజులకే అమ్మకాల నుంచి తీసేసి అక్టోబర్ చివర్లో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల మీద బాగానే నడుస్తుంది. నడవకపోతే ఇంటరాక్టివ్ స్మోక్ అనేదాన్ని ముందు ఆపండి, అన్నిటికంటే బరువు అదే. స్విచ్‌లో మూడూ కలిపి 2023 చివర్లో వచ్చాయి. అందులో నైట్ బాగా తడబడుతుంది, దాని కోసమే అయితే స్విచ్ మీద కొనొద్దు.

## స్పైడర్‌మ్యాన్ మూడు గేమ్స్

ఇక్కడ తిరుగుడే రాజు. ఆర్2 పట్టుకుంటే దారం కడతాడు, వదిలితే ఎగురుతాడు. ఎప్పుడు వదలాలన్నదే కిటుకు. ఊపు అడుగుకి వచ్చినప్పుడు వదిలితే ముందుకి వేగం, పైకి లేచాక వదిలితే ఎత్తు. ఎల్2, ఆర్2 కలిపి నొక్కితే ఎదురుగా కనిపించే అంచుకి దూసుకెళ్తాడు, కాలు ఆనే క్షణంలో క్రాస్ నొక్కితే ఆ ఊపుతోనే మళ్లీ లేస్తాడు. ఈ రెంటినీ కలపడం వచ్చాక మ్యాప్ ఈ చివరి నుంచి ఆ చివరికి నేలని తాకకుండా వెళ్లొచ్చు. దారం గాలికి అతుక్కోదు, భవనానికో చెట్టుకో తగలాలి. అందుకే సెంట్రల్ పార్క్ మీదుగా వెళ్లేటప్పుడు వేగం చప్పబడుతుంది.

ఆర్కమ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ మొదట్లో తన్నులు తింటారు. కారణం ఒక్కటే, 2018 గేమ్‌లో కౌంటర్ బటన్ లేదు. సర్కిల్‌తో తప్పుకోవడమే ఉంది. నేలమీద నిలబడి కొట్టడం మానేయండి. స్క్వేర్ నొక్కి పట్టుకుంటే శత్రువు గాల్లోకి లేస్తాడు, అతనితోపాటు మీరూ. గాల్లో ఉన్నంతసేపూ కిందివాళ్లలో చాలామందికి మీరు చిక్కరు. షీల్డ్ ఉన్నవాడివైపు సర్కిల్ నొక్కితే కాళ్ల సందులోంచి జారి వెనక తేలతారు. ఫోకస్ (పోరులో నిండే మీటర్) నిండితే దాన్ని ఫినిషర్‌కి (ఒక్క దెబ్బతో ముగించేయడానికి) వాడాలా, ప్రాణం నింపుకోవడానికి వాడాలా అన్నది ప్రతి పోరులోనూ ఎదురయ్యే బేరం. ప్రాణం సగంకన్నా ఎక్కువ ఉంటే ఫినిషర్, లేకపోతే నింపుకోవడం అని ఒక నియమం పెట్టుకుంటే తికమక ఉండదు. పరికరాల్లో ఇంపాక్ట్ వెబ్ ముందు అప్‌గ్రేడ్ చేయండి. గోడ పక్కన ఉన్నవాణ్ని ఒక్క దెబ్బకి గోడకి అతికించేస్తుంది, గుంపు సగానికి తగ్గిపోతుంది.

స్టెల్త్ తేలిక, ఒక్కోసారి మరీ తేలిక. శత్రువు మీద గురి పెట్టగానే అతన్ని లాగేయడం సురక్షితమో, ఇంకెవరైనా చూస్తారో గేమే రాసి చూపిస్తుంది. ఆలోచించే పని మీకు మిగలదు.

2018 గేమ్ లోపాలు రెండు. కథలోని ఎమ్‌జే, మైల్స్ పాత్రలతో శక్తుల్లేకుండా నక్కినక్కి నడిచే మిషన్లు మొదటిది. కంటబడితే మళ్లీ మొదటికి, అప్పటిదాకా ఎగిరి వచ్చిన ఆటకి బ్రేకులు పడతాయి. రెండోది సైడ్ పనుల మూస. 55 బ్యాగులు వెతకడం హాయిగానే ఉంటుంది, ఒక్కో బ్యాగులో ఒక పాత జ్ఞాపకం దొరుకుతుంది. వీధి నేరాలు అలా కావు. ప్రతి పేటలోనూ ఒక్కో ముఠాకి విడివిడిగా, అదే కారు ఛేజ్, అదే దొంగతనం. కొత్త సూట్లకి టోకెన్లు కావాలి కాబట్టి గేమ్ మిమ్మల్ని వాటివైపు నెడుతుంది. సర్క్యూట్ పజిళ్లు విసిగిస్తే సెట్టింగ్స్‌లో దాటేసే ఆప్షన్ ఉంది, మొహమాటపడకుండా వాడండి.

మైల్స్ మొరాలెస్ ఆ విసుగు మొదలయ్యేలోపే ముగుస్తుంది. వెనమ్ దెబ్బలు, కనబడకుండా మాయమయ్యే శక్తి వల్ల పోరుకి, స్టెల్త్‌కి రెండింటికీ కొత్త ఊపు వచ్చింది. మంచు పడుతున్న నగరం, పేటలో మనుషుల మధ్య నడిచే కథ. ఈ మూడింటిలో సాగదీత లేనిది ఇదే. విలన్లు మాత్రం గుర్తుండరు.

స్పైడర్‌మ్యాన్ 2లో రెక్కలొచ్చాయి, అక్షరాలా. వెబ్ వింగ్స్‌తో నదిని దాటి క్వీన్స్, బ్రూక్లిన్ వైపు జారిపోవచ్చు. పీటర్, మైల్స్ అనే స్పైడర్‌మ్యాన్‌లు ఇద్దరూ మీ చేతిలోనే. ఎల్1తో పారీ (ఎదుటి దెబ్బని అడ్డుకోవడం) వచ్చింది కాబట్టి ఆర్కమ్ అలవాటున్నవాళ్లకి చేతులు కుదురుకుంటాయి, బాస్ ఫైట్లు మొదటి గేమ్‌కన్నా ఎన్నో మెట్లు పైన. స్టెల్త్‌లో మీ దారం మీరే రెండు గోడల మధ్య కట్టుకుని దానిమీద నిలబడొచ్చు. ఈ సౌలభ్యం వల్ల ఏ గదైనా తేలికైపోతుంది, సవాలు కోరుకునేవాళ్లకి అదే లోపం. పరికరాల సంఖ్య తగ్గింది. ట్రిప్ మైన్లు, సస్పెన్షన్ మ్యాట్రిక్స్‌లతో గుంపుని వలలో బిగించడం ఇష్టపడేవాళ్లకి పాత గేమే బాగుంటుంది. కథ సింబియోట్ (ఒంటికి అతుక్కునే గ్రహాంతర జీవి) వచ్చేదాకా చక్కగా పాకం పడుతూ, ఆ తర్వాత ఒక్కసారిగా పరుగందుకుంటుంది.

పీసీ సంగతి. మొదటి గేమ్‌కి 75 జీబీ చోటు, 8 జీబీ ర్యామ్ కనీసం. 1080పీలో 60 ఫ్రేములు కావాలంటే జీటీఎక్స్ 1060 స్థాయి కార్డు, 16 జీబీ ర్యామ్ అడుగుతుంది. స్పైడర్‌మ్యాన్ 2కి 140 జీబీ ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ కనీసం. మామూలు హార్డ్ డిస్క్ మీద దాని జోలికి పోవద్దు, ఆ వేగంలో నగరం లోడ్ కావడానికి డిస్క్ అందుకోదు. రే ట్రేసింగ్ (వెలుగు, ప్రతిబింబాలని నిజంలా చూపించే సెట్టింగ్) ఆన్ చేసి ఫ్రేములు పడిపోతే గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకోకముందు ఆబ్జెక్ట్ రేంజ్ స్లైడర్ తగ్గించండి. ఇక్కడ అలసిపోయేది ఎక్కువసార్లు ప్రాసెసరే.

## గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ

ఐడోస్ మాంట్రియల్ గేమ్. 16 అధ్యాయాలు, తిన్నగా సాగే దారి, ఓపెన్ వరల్డ్ లేదు, డబ్బు పిండే దుకాణమూ లేదు. మీరు స్టార్‌లార్డ్ ఒక్కడే. రాకెట్, గ్రూట్, గమోరా, డ్రాక్స్‌లకి ఎల్1 పట్టుకుని ఆజ్ఞలివ్వాలి. గ్రూట్‌తో కాళ్లు కట్టేయించి, రాకెట్‌తో గుంపు మీద బాంబు వేయించి, మిగిలినవాణ్ని డ్రాక్స్‌కి అప్పగించే వరస దొరికితే పోరు బాగుంటుంది. దొరకకపోతే తెరమీద రంగురంగుల పేలుళ్లలో ఎవరెక్కడున్నారో తెలియదు. శత్రువుల రకాలు కూడా తక్కువే.

దీన్ని కొనాల్సింది పోరు కోసం కాదు. ఈ అయిదుగురూ ఒక్క నిమిషం నోరు మూసుకోరు. నడుస్తుంటే దెప్పిపొడుస్తారు, మీరు దారితప్పి మూలలోకి వెళ్తే దానికీ వ్యాఖ్యానిస్తారు, మీరిచ్చిన సమాధానాన్ని రెండు అధ్యాయాల తర్వాత గుర్తుచేస్తారు. సూపర్‌హీరో గేముల్లో ఇంతకన్నా బాగా రాసిన సంభాషణలు వెతకాలి. పోరు తలనొప్పిగా ఉంటే కష్టస్థాయిని ఒక్క మెట్టుగా కాక భాగాలుగా మార్చుకోవచ్చు: మీకు తగిలే దెబ్బ, మీరు కొట్టే దెబ్బ, ఆజ్ఞల మధ్య విరామం, దేనికది.

## సెకండ్ సన్, లెగో

సెకండ్ సన్‌ని సక్కర్ పంచ్ 2014లో తెచ్చింది. పేరున్న కామిక్ హీరో లేడు, సియాటిల్ నగరంలో పొగ, నియాన్, వీడియో, కాంక్రీట్ శక్తులు తాగి పెరిగే కుర్రాడు ఉన్నాడు. పొగగా మారి గొట్టంలో దూరి పైకప్పు మీద తేలడం, నియాన్ వెలుగై గోడమీదికి నిట్టనిలువునా పరిగెత్తడం ఇప్పటికీ మజాయే. మంచిదారా చెడ్డదారా అన్న ఎంపికలు మాత్రం మొరటుగా ఉంటాయి, నడుమ దారికి లాభం లేదు. మొదట్లోనే ఒకటి ఎంచుకుని అదే పట్టుకోండి, లేకపోతే పై మెట్టు శక్తులు ఆలస్యమవుతాయి. పీసీలో లేదు.

లెగో మార్వెల్ పిల్లలతో కలిసి ఒకే తెరమీద ఆడడానికి. రెండో ఆటగాడు ఎప్పుడైనా చేరొచ్చు, ఎప్పుడైనా లేచిపోవచ్చు, చచ్చినా పోయేది కొన్ని స్టడ్‌లే (గేమ్‌లోని నాణేలు). ఆన్‌లైన్‌లో కలిసి ఆడే వీల్లేదు. ఐరన్‌మ్యాన్‌ని ఎగరేసేటప్పుడు కంట్రోల్ మొండికేస్తుంది, పిల్లలు ఏడిస్తే అక్కడే. మొదటిసారి ప్రతి మూలా వెతకొద్దు. చాలా తాళాలు ఫ్రీ ప్లేలో (పూర్తిచేసిన లెవెల్‌ని మళ్లీ ఆడేటప్పుడు) వేరే పాత్రలతో వస్తేనే తెరుచుకుంటాయి. వయసు సంగతికొస్తే లెగో గేమ్‌కి అమెరికా రేటింగ్ పదేళ్లు పైబడినవాళ్లకి, స్పైడర్‌మ్యాన్ గేములకి, గార్డియన్స్‌కి టీన్ (13 పైబడినవాళ్లకి), ఆర్కమ్ నైట్‌కి మెచ్యూర్ (17 పైబడినవాళ్లకి).

## స్నేహితులతో కలిసి ఆడాలంటే

ఇక్కడే జేబు జాగ్రత్త. ఎప్పటికప్పుడు కొత్త సరుకు వస్తూనే ఉంటుందన్న హామీతో అమ్మిన సూపర్‌హీరో గేమ్స్ చరిత్ర అంత గొప్పగా లేదు. 2020లో వచ్చిన మార్వెల్స్ అవెంజర్స్‌ని 2023 సెప్టెంబర్ 30న అమ్మకాల నుంచి తీసేశారు. ముందే కొన్నవాళ్లు ఆడుకోవచ్చు, కొత్తగా డిజిటల్‌లో దొరకదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూసైడ్ స్క్వాడ్: కిల్ ది జస్టిస్ లీగ్‌కి అదే ఏడాది డిసెంబర్‌లోగానీ ఆఫ్‌లైన్ మోడ్ రాలేదు. రాక్‌స్టెడీ చేసిందే కదా, ఆర్కమ్‌లా ఉంటుందని కొంటే ఆశాభంగం ఖాయం. అందరి చేతిలోనూ తుపాకీ, ప్రతి మిషన్ చివరా నెంబర్లు పెరిగే సామాను.

గోథమ్ నైట్స్ (2022) కొంత నయం. కథని ఇద్దరు ఆన్‌లైన్‌లో కలిసి ఆడొచ్చు, నైట్‌వింగ్, బ్యాట్‌గర్ల్, రెడ్ హుడ్, రాబిన్‌లలో ఎవరినైనా తీసుకోవచ్చు. లెవెల్ తక్కువైతే మామూలు రౌడీ కూడా పదిహేను దెబ్బలు తిని నిలబడతాడు, ఆర్కమ్ చేతివాటానికి ఇక్కడ విలువ లేదు. కన్సోల్‌లో 30 ఫ్రేములకే పరిమితం, కాబట్టి దీన్ని పీసీలో ఆడడమే మేలు.

## మీరు ఏ తరహా?

వారానికి రెండు మూడు గంటలే దొరికేవాళ్లకి మైల్స్ మొరాలెస్ లేదా అసైలమ్. రెండూ నెలా నెలన్నరలో పూర్తవుతాయి, మధ్యలో వారం మానేసినా చేతులు మరిచిపోవు. సిటీ, నైట్ అలా కావు. మధ్యలో పది రోజులు వదిలేస్తే ఏ పరికరం ఏ బటనో మళ్లీ నేర్చుకోవాలి.

కథే ముఖ్యమైతే గార్డియన్స్, ఆ తర్వాత 2018 స్పైడర్‌మ్యాన్. పోరులో పట్టు సాధించడమే ఆనందమైతే ఆర్కమ్ సిటీ, దానిలోని ఛాలెంజ్ మ్యాపులతో సహా. పాత పీసీ ఉన్నవాళ్లకి అసైలమ్, సిటీ కళ్లు మూసుకుని కొనదగ్గవి. పీఎస్5 కొత్తగా కొన్నవాళ్లు నేరుగా స్పైడర్‌మ్యాన్ 2కి వెళ్లాలని చూస్తారు, వద్దు. అందులోని బంధాల బరువు మొదటి గేమ్ ఆడినవాళ్లకే తెలుస్తుంది. పైగా రెక్కలకి అలవాటుపడ్డాక వెనక్కొచ్చి పాత గేమ్ ఆడడం కష్టం.

వేగంగా ఊగే దృశ్యాలకి తల తిరిగేవాళ్లు మోషన్ బ్లర్ ఆపి, కెమెరా షేక్ తగ్గించి చూడండి. పీసీలో ఫీల్డ్ ఆఫ్ వ్యూ కొంచెం పెంచితే ఇంకా ఉపశమనం. అయినా తగ్గకపోతే స్పైడర్‌మ్యాన్ మీకు కాదు, అసైలమ్ హాయిగా ఆడొచ్చు, అందులో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్యే.

## మొదటి రెండు గంటల్లో తేల్చుకోవడం

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటల్ని కట్‌సీన్లతో గడిపేయకండి. షేడర్లు (గ్రాఫిక్స్‌కి కావాల్సిన ఫైళ్లు) తయారవడం, మెనూలు తిప్పడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి, కాబట్టి సెట్టింగ్స్ పది నిమిషాల్లో ముగించండి.

స్పైడర్‌మ్యాన్ అయితే మొదటి మిషన్ అవగానే కథని పక్కనపెట్టి ఇరవై నిమిషాలు ఊరికే ఊగండి. అది బోరు కొడితే మిగతాది నచ్చే అవకాశం తక్కువ. అదే సమయంలో కుదుపులు వస్తున్నాయో లేదో చూడండి, వేగంగా కిందికి డైవ్ చేసినప్పుడే మెషీన్ బలహీనత బయటపడుతుంది. ఆర్కమ్ అయితే మొదటి ప్రెడేటర్ గది దాకా ఆడి, అక్కడ ఒక్కసారైనా ఎవరికీ కనబడకుండా ముగించడానికి ప్రయత్నించండి. గార్డియన్స్‌లో మొదటి హడిల్ దాకా వెళ్లండి. ఎల్1, ఆర్1 కలిపి నొక్కితే జట్టంతా చుట్టూ చేరుతుంది, వాళ్ల మాటలు విని సరైన సమాధానం ఎంచుకుంటే అందరికీ బలం, తప్పితే మీ ఒక్కరికే. పోరు మధ్యలో ఇలా ఆగి మాట్లాడుకోవడం చిరాకు తెప్పిస్తే ఆ చిరాకు చివరిదాకా ఉంటుంది.

కీబోర్డుతో అంచనా వేయొద్దు. ఇవన్నీ కంట్రోలర్ చేతికి కొలిచి చేసినవి. ట్రిగ్గర్ పట్టు సడలించడంలో ఉన్న సున్నితం షిఫ్ట్ కీకి రాదు. ఇక కష్టస్థాయి విషయంలో పంతానికి పోనక్కర్లేదు. స్పైడర్‌మ్యాన్ 2లో ఆట వేగాన్నే 70, 50, 30 శాతానికి తగ్గించుకునే ఆప్షన్ ఉంది. పారీ టైమింగ్ అందనివాళ్లు 70 దగ్గర కొన్ని పోరాటాలు ఆడి, చేయి తిరిగాక మామూలు వేగానికి వెళ్లొచ్చు.